బస్సు ఫ్రీ ఉండంగ యాప్ బండికి పైసలెందుకు? భీమారం నుంచి వరంగల్ చౌరస్త దాక

ముందే చెప్తున్న, నాకు ఏ కంపెనీతోటి సంబంధం లేదు. ఫోన్ల బైకు, ఆటో పిలిచే యాప్‌లు మూడున్నయి. మూడు వాడుత, మూడింటిని తిడుత. అందుకే నాకు ఎదురైన సంగతులు చెప్పేటప్పుడు ఏ యాప్ పేరు తియ్యలే. మంచైనా చెడైనా మన దగ్గర మూడింట్ల ఒక్కతీరుగనే ఉన్నది. బండ్లు నడిపే పిల్లగాండ్లు గూడ వాళ్లే, ఒక్కొక్కని ఫోన్ల మూడు యాప్‌లు ఆన్ జేసి ఉంటయి.

నేను వరంగల్‌ల జేపీఎన్ రోడ్డు పక్క సందుల ఒక హోల్‌సేల్ బట్టల దుకాణంల లెక్కలు రాస్త. ఇల్లు హన్మకొండ అవుతల భీమారం. మెయిన్ రోడ్డు మీద కాదు, లోపటికి, కొత్త కాలనీల. పొద్దుగాల పదిన్నరకు దుకాణంల ఉండాలె. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించుతరు, బతుకమ్మ ముంగట, పెండ్లిళ్ల సీజన్ల అయితే పది గూడ దాటుతది. నాకు స్కూటీ రాదు, ఈ వయసుల నేర్చుకునే ఓపిక లేదు. ఇంట్ల ఉన్న ఒక్క బండి మా ఆయనది, ఆయనవి షిఫ్టు డ్యూటీలు.

మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్ల ఒకటే మాట. "వదినా, సర్కారు బస్సు ఫ్రీ పెట్టింది, నువ్వేమో బండోనికి వంద రూపాయలు పోస్తున్నవ్. పైసలెక్కువైనయా?" ఆమె ఉండేది హసన్‌పర్తిల, బస్టాపు పక్కనే. బస్టాపు పక్కన ఇల్లున్నోళ్లకు ఎవ్వరి కష్టం తెల్వది. ఆమెకు నోటితోటి చెప్తే వినదు గనుక రాసి పెడుతున్న.

ఫ్రీ బస్సు నేను వాడతలేనని కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద పల్లె వెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల ఆడోళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపెడితే జీరో టికెట్ కొట్టి ఇస్తరు. నా పర్సుల ఆధార్ కార్డు అంచులు అరిగిపోయినయి. పొద్దుగాల నేను పోయేది బస్సుకే, ఇప్పటికీ. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చే బస్సులు హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదికెళ్లి భీమారం వస్తయి, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్, నయీంనగర్ దాటి హన్మకొండ బస్టాండు. సీటు సంగతి మరిచిపోవాలె, హుజూరాబాద్‌లనే నిండి వస్తయి. ఒక కాలు పెట్టే జాగ దొరికితే చాలు, రాడ్డు పట్టుకొని నిలబడుత. నెలకు మిగిలే పైసలతోటి గ్యాస్ బండ వస్తది. నేను దాన్ని చిన్నగ చెయ్య.

కని బస్సు నన్ను మా ఇంటి నుంచి దుకాణానికి తీస్కపోదు. భీమారం మెయిన్ రోడ్డు నుంచి హన్మకొండ బస్టాండు దాక తీస్కపోతది, అంతే. అటు మొదలు ఇటు చివర ఎవ్వరు చూసుకోవాలె? ఇంట్ల నుంచి రోడ్డు దాక కిలోమీటరున్నర పైన ఉంటది, ఎండకాలంల పది గంటలకే మాడు పగులుతది. హన్మకొండల దిగినంక వరంగల్ చౌరస్త దాక మళ్ల షేర్ ఆటో. టికెట్‌కు పైసలు పోవు, పొద్దు పోతది. పదిన్నరకు ఉండాల్సినోళ్లం తొమ్మిదిగంబావుకే ఇల్లు వదలాలె. మధ్యల ఒక బస్సు ఆపకుండ పోయిందా, ఆ నాడు సేటు ముఖం చూడాలె.

ఇగ షేర్ ఆటో సంగతి జర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటె మన ట్రైసిటీకి నిజమైన సిటీ బస్సు అదే. కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడు ఊర్లు తాడు కట్టినట్టు ఒక్క రోడ్డు మీదున్నయి. ఆ రోడ్డు మీద చెయ్యి ఎత్తితే ఆగేది ఆటో. చిన్నప్పటి నుంచి చూస్తున్న, హన్మకొండ చౌరస్తల నిలబడితే "వరంగల్, వరంగల్, వరంగల్" అని గొంతు చించుకునేటోళ్లు. వెనుక నలుగురు, ముంగట డ్రైవర్‌కు అటొకలు ఇటొకలు, సంచులు ఒళ్లె. రెండు నిమిషాలల్ల నిండేది, కదిలేది.

బస్సు ఫ్రీ అయినంక అది మారింది. ఆడోళ్లు బస్సులకు మళ్లిన్రు. గిరాకీ పడిపోయిందని ఆటో యూనియన్లు రోడ్డెక్కినయి. ఏడాదికి 12,000 ఇస్తమన్న ఎన్నికల హామీ ఏమైందని అడిగిన్రు. వాళ్ల కడుపుమంట వాళ్లది. ప్రయాణం చేసేటోళ్ల దిక్కు నుంచి చూస్తే ఏమైందంటె, రెండు నిమిషాలల్ల నిండే ఆటో పదిహేను నిమిషాలైనా నిండుతలేదు. నిండకపోతే డ్రైవర్ కదలడు, కదిలితే ఆయనకు పెట్రోలు గిట్టదు. ఎక్కి కూసున్నోళ్లం ఒకలి మొఖం ఒకలం చూసుకుంట, "అన్నా పోదామే" అని గొణుగుడు. అర్జెంటున్నోడు దిగి ఫోన్ తీస్తడు, యాప్ బండి పిలుస్తడు. ఆటోల ఒకలు తగ్గిన్రు, ఇంక ఆలస్యం. ఫ్రీ బస్సు వల్ల యాప్‌కు గిరాకీ పెరిగిందంటే మా ఆడబిడ్డ నవ్వుతది గని, నేను కండ్లార చూసింది అదే.

ఇంకో విచిత్రం. చౌరస్తల గొంతు చించుకునే అన్నలల్ల సగం మంది ఇప్పుడు అరుస్తలేరు. హ్యాండిల్ కాడ ఫోన్ బిగించుకొని, కండ్లద్దాలు ముక్కు మీదికి జారంగ తెర దిక్కు చూసుకుంట కూసుంటరు. అదే ఆటో, అదే అన్న. ఎదురుంగ నిలబడి "వరంగల్ పోదామా అన్నా" అంటె "యాప్‌ల వేస్కో చెల్లె" అంటడు. ఏస్తే ఆయనకే పడుతదన్న గ్యారంటీ లేదు, కిలోమీటరు అవుతల ఉన్నోనికి పడుతది.

ఇగ అసలు రివ్యూకు వస్త. నేను యాప్ పిలిచేది ముఖ్యంగ రాత్రి.

తొమ్మిది దాటినంక వరంగల్ చౌరస్త నుంచి హన్మకొండ దాక షేర్ ఆటోలు దొరుకుతయి. హన్మకొండ నుంచి భీమారం దిక్కు బస్సు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. లేని నాడు విడి ఆటోను అడిగితే చీర చూసి, సంచి చూసి, గడియారం చూసి రేటు చెప్తడు. రెండు వందల యాభై అంటడు. బేరమాడుకుంట రోడ్డు మీద నిలబడుడు ఆ యాళ్లప్పుడు నాకు ఇష్టం లేదు. యాప్‌ల అయితే దుకాణంల కూసొని, లెక్క పుస్తకం మూసుకుంటనే రేటు చూస్త. బైకుకు నూరు, నూటపది. ఆటోకు దానికి రెండింతలు, ఒక్కోనాడు ఇంక జర ఎక్కువ. ఇష్టమైతే నొక్కుత, లేకుంటే మా ఆయనకు ఫోన్ చేస్త, ఆయన ఇంట్ల ఉన్న నాడు హన్మకొండ బస్టాండు దాక వస్తడు. కిరాయి ముందే తెలుసుడు అనేది చిన్న సంగతి అనుకుంటరు మొగోళ్లు. ఆడమనిషి రాత్రి పూట బేరం లేకుండ బండెక్కుడు ఎంత నిమ్మలమో ఆ టైముకు రోడ్డు మీద నిలబడ్డోళ్లకు తెలుస్తది. నంబర్ ప్లేటు తెలుసు, మనిషి ఫొటో తెలుసు, నేను ఎక్కడున్ననో మా బిడ్డ తన ఫోన్ల చూసుకుంటది. కేయూ క్రాస్ కాడ రెండు నిమిషాలు ఆగితే చాలు, "అమ్మా ఎందుకాగినవ్" అని మెసేజ్.

బాగున్నది గద అని నొక్కంగనే బండి వస్తదనుకోకుండ్రి. నా ఫోన్ల రాత్రి నడిచే కథ ఇది. నొక్కుత. గుండ్రంగ తిరుగుతది. ఎవ్వరు దొరకరు. "ఇంకో 10 రూపాయలు కలుపుతారా, 20 కలుపుతారా" అని యాపే అడుగుతది. నేను కలుప. కొసకు ఒకడు దొరుకుతడు, నాలుగు నిమిషాలల్ల వస్తడని చూపెడుతది. వెంటనే ఫోన్.

"మేడం, డ్రాప్ ఎక్కడ?"

"భీమారం."

"భీమారం అంటె... లోపటికా, రోడ్డు మీదనా?"

"లోపటికే."

"పేమెంట్ క్యాషా?"

"నీకెట్ల కావాల్నో అట్ల ఇస్త, రా బిడ్డ."

"సరే మేడం, వస్తున్న" అంటడు. పటం మీద బండి బొమ్మ మాత్రం కదలది. ఎమ్‌జీఎమ్ దవాఖాన కాడ ఉన్నది ఎమ్‌జీఎమ్ కాడనే ఉంటది, మూతి మాత్రం ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పుతది. మళ్ల ఫోన్ చేస్తే "మీరే క్యాన్సిల్ కొట్టుండ్రి మేడం, నాకు టైర్ పంచరైంది." నేను కొట్ట. ఎందుకంటె కారణం లేకుండ ఎవలు క్యాన్సిల్ చేస్తే వాళ్ల మీద కిరాయిల పది శాతం, 100 రూపాయలకు మించకుండ, జుర్మానా వెయ్యాలని 2025 జూలైల కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలల్ల ఉన్నది. వాడు నాతోటి కొట్టించాలని చూస్తడు, నేను వానితోటి కొట్టించాలని చూస్త. లోపట షట్టర్ దించే పిల్లగాడు తాళంచెవులు ఆడించుకుంట నిలబడుతడు.

రెండోవాడో మూడోవాడో వస్తడు. వచ్చినోడు మంచోడే ఉంటడు, అది గూడ చెప్పాలె. ఎక్కువ మంది కేయూల చదువుకునే పిల్లలు, పగలు కొరియర్లు ఇచ్చేటోళ్లు. "ఆంటీ, చీర కొంగు చక్రం కాడ చూసుకోండ్రి" అని వాళ్లే చెప్తరు. మధ్యల సంచి పెట్టుకుంటే ఏమనరు.

భీమారం అంటె మూతి ముడుచుడు ఎందుకని ఒకనాడు ఒక పిల్లగానినే అడిగిన. వాడు సిగ్గుపడకుంట లెక్క చెప్పిండు, నేను లెక్కలదాన్ని గనుక మనసుల పెట్టుకున్న. అప్పుడు మన దగ్గర లీటర్ పెట్రోల్ 107 రూపాయల దగ్గర ఉండె. వాని బండి లీటర్‌కు నలభై ఐదు ఇస్తది. ఎక్కడన్న ఒక చిన్న గిరాకీ అనుకో, 30 రూపాయలు వస్తయి. ఎక్కించుకోనీకె కిలోమీటరున్నర ఖాళీగ వచ్చిండు, దించనీకె రెండు కిలోమీటర్లు. మూడున్నర కిలోమీటర్లకు పెట్రోలుకే ఎనిమిది రూపాయలు. దానికి తోడు యాప్‌కు కట్టుడు, బండి సర్వీసింగు, టైర్లు. రాత్రి భీమారం లోపటికి వచ్చినోనికి తిరుగు గిరాకీ దొరకది, హన్మకొండ దాక ఖాళీగ పోవాలె. "నూట పదిల నాకేం మిగులుతది ఆంటీ" అన్నడు. ఆ లెక్క విన్నంక వాని మీద కోపం తగ్గింది. రెండు దిక్కుల దూరం లెక్క వెయ్యకుంట ఒక్క దిక్కు కిరాయి చూపెట్టే యాప్ మీద పెరిగింది.

పైసలు ఎట్ల ఇయ్యాలన్న లొల్లి గూడ యాప్‌కు కట్టే ఈ లెక్క నుంచే వచ్చింది. ముందు కంపెనీలు కిరాయిల కమీషన్ పట్టుకునేటియి. ఇప్పుడు ఆటోలకైతే కమీషన్ తీసేసి, నడుపుకున్నందుకు ఇంత అని డ్రైవర్ల దగ్గర కట్టించుకుంటున్నయి. 2025 ఫిబ్రవరి నుంచి ఊబర్ గూడ ఆటోలకు అదే పద్ధతి పెట్టింది. కిరాయి నేరుగ డ్రైవర్‌కే పోవాలె, నగదో యూపీఐనో. డ్రైవర్లకు మంచిగనే ఉన్నది. ఎక్కినోళ్లకు మాత్రం ఏమైనా తేడా వస్తే "మాకు మీ ఇద్దరి నడుమ సంబంధం లేదు" అన్నట్టు మాట్లాడుతది యాప్. నేను ఒకసారి ఒక యాప్‌కు ఫిర్యాదు పెట్టిన, ఎక్కువ తీసుకున్నడని. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని వచ్చింది. ఆ విలువ ఎంతో రూపాయలల్ల చెప్పలే.

పగటి పూట ఆటోకు నేను మార్కులు ఎక్కువ వేస్త. మా అమ్మను మోకాళ్ల డాక్టర్ దగ్గరికి హంటర్ రోడ్డుకు తీస్కపోవాలె. ఆమె బస్సు మెట్టు ఎక్కలేదు. టికెట్ ఫ్రీ ఇచ్చినా, ఎదురు పైసలిచ్చినా ఆ మెట్టు ఎత్తు తగ్గది. యాప్ ఆటో గేటు ముంగటికి వస్తది, అమ్మ గద్దె మీదికెళ్లి లేచి పది అడుగులేస్తే ఆటోల ఉంటది. కని ఆటో రాంగనే అమ్మ అడిగే మొదటి మాట, "ఎంతకొస్తవ్ బిడ్డా?" తెర మీద 140 అని ఉన్నది, డ్రైవర్ గూడ 140 అన్నడు. అమ్మ "నూరు తీస్కో" అన్నది. "అమ్మా, అది ఫిక్స్" అని నేను. "ఎవడు ఫిక్స్ చేసిండు? ఆయన ఆటో, నా మోకాలు, నడుమ ఎవడు వాడు?" డ్రైవర్ నవ్వి 130 తీస్కున్నడు. నేను ఎప్పుడు తగ్గించలేకపోయిన కిరాయి అది. దిగేటప్పుడు ఆయన ఆటో పక్కకు తీసి, చెయ్యి అందించిండు. ఇంక ఐదు నక్షత్రాలు కొట్టక ఏం చెయ్యాలె.

వానల మాత్రం యాప్‌ను నమ్ముకోవద్దు. 2023 జూలైల నయీంనగర్ రోడ్డు మునిగినప్పుడు అందరం ఇండ్లల్లనే ఉన్నం, అది వేరే సంగతి. మామూలు వానకు గూడ రెండు పనులు ఒకేసారి అయితయి: రేటు పెరుగుతది, బండి దొరకది. రద్దీ టైముల మూల చార్జీకి రెండింతల దాక తీసుకోవచ్చని పైన చెప్పిన మార్గదర్శకాలల్లనే ఉన్నది, 2020 నాటి వాటిల ఒకటిన్నర రెట్లే ఉండె. రెండింతలు పోయినా వచ్చేటోడుంటె ఇస్తరు జనం. రెయిన్‌కోటు లేని బైకు పిల్లగాడు మాత్రం ఫ్లైఓవర్ కింద నిలబడి వాన చూసుకుంట ఉంటడు, యాప్ నాకు "కెప్టెన్ (అంటె బండి నడిపేటోడు) దగ్గర్లోనే ఉన్నాడు" అని చెప్తనే ఉంటది. వాన నాడు బస్సే దిక్కు. ఎంత నిండినా వస్తది, రేటు మారది, పై కప్పు ఉంటది.

బస్సులకు గూడ ఒక కాలం ఉంటది, మనూర్లె ఉన్నోళ్లకు తెలుసు. మేడారం జాతరొచ్చిందంటె బస్సు అన్నది అటే పోతది. 2024 ఫిబ్రవరి జాతరకు 6,000 ప్రత్యేక బస్సులు పెట్టిన్రు. అమ్మల కాడికి పోవాలె, తప్పు లేదు, మేం గూడ పోయి బంగారం (అంటె బెల్లం) సమర్పించుకొనే వచ్చినం. కని ఆ నాలుగు రోజులు రోజూ డ్యూటీకి పోయేటోళ్లం ఏం ఎక్కాలె? యాప్ బండ్లు అప్పుడు అక్కరకొచ్చినయి, రేటు గూడ ఆ తీరుగనే చూపెట్టినయి.

ఒకటి రెండు సంగతులు మనసుల ముల్లులెక్క ఉన్నయి. నేను ఎక్కే బైకులల్ల ఎక్కువ తెల్ల నంబర్ ప్లేటువి. అంటె సొంతానికి తీసుకున్న బండి, కిరాయికి తిప్పుతున్నరు. సొంత బండ్లను ఇట్ల తిప్పనియ్యాల్నా వద్దా అన్నది 2025 మార్గదర్శకాలు రాష్ట్రాల చేతుల పెట్టినయి. పక్కనున్న కర్ణాటకల అదే ఏడు జూన్‌ల బైక్ ట్యాక్సీలు బంద్ అయితే జనం ఆగమైన్రు. కింద పడితే ఇన్సూరెన్సు వస్తదా అని మా ఆయన అడుగుతడు, నా దగ్గర జవాబు లేదు. నాకిచ్చే హెల్మెట్ సంగతి ఇంకా ఘోరం. ఉంటే పట్టీ లేదు, పట్టీ ఉంటే లోపటి మెత్త చెమటతోటి నల్లగైంది. నేను తల మీద దస్తీ కట్టుకొని పెట్టుకుంట. బండి నంబర్ కలవకపోతే మాత్రం ఎక్క. "నా బండి సర్వీసింగ్‌కు ఇచ్చిన, ఇది మా తమ్మునిది" అన్నోడు ఎంత మర్యాదగ మాట్లాడినా "పో నాయనా" అంట.

మార్కులు వెయ్యాలంటె: పగలు ఆటోకు ఐదుకు నాలుగు. రాత్రి బైకుకు మూడు, ఆ మూడు గూడ కిరాయి ముందే తెలుస్తదని, బిడ్డ ఫోన్ల నేను కనపడుతనని. వాన నాడు సున్న. నెలకు నాకు అయ్యే ఖర్చు వెయ్యి, పన్నెండు వందలు. ఎక్కువే. ఆడబిడ్డ చెప్పింది ఆ మేరకు కరెక్టే.

కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాక మెట్రో నియో అని, టైర్ల మీద నడిచే చిన్న మెట్రో సంగతి ఒకప్పుడు పేపర్లు నిండ వచ్చింది. నాకు అంత పెద్దది అక్కర లేదు. భీమారం నుంచి వరంగల్ చౌరస్త దాక, రాత్రి పది దాక, పావుగంటకొక చిన్న బస్సు తిప్పుతే టికెట్ పెట్టినా ఎక్కుత. ఆ నాడు మూడు యాప్‌లల్ల రెండు తీసేస్త. ఒకటి అమ్మ మోకాళ్ల కోసం ఉంచుకుంట.

కొత్తగ వాడేటోళ్లకు పనికొచ్చేటియి రెండు మూడు చెప్త. బట్టల బజార్ సందులల్ల నుంచి పిలవకుండ్రి, పటం గుర్తు ఎప్పుడు వెనుక సందుల పడుతది. మెయిన్ రోడ్డు మీదికి వచ్చి పిలవాలె. స్టేషన్ల దిగితే అడ్డా ఆటోలోళ్లు యాప్ ఆటోను లోపటికి రానియ్యరు, వంద గజాలు బయటికి నడిచినంకనే నొక్కుండ్రి. ఓటీపీ బండి ఎక్కేటప్పుడే చెప్పాలె, ఫోన్ల అడిగితే చెప్పొద్దు. రాత్రి పూట చాలా సార్లు యూపీఐ తిరుగుతనే ఉంటది, పైసలు పోవు. పర్సుల పదులు, ఇరవైలు పెట్టుకోండ్రి. 500 నోటుకు ఆ యాళ్ల భీమారంల ఎవ్వలి దగ్గర చిల్లర ఉండది.